తొమ్మిది రోజుల గేర్‌బాక్స్

"సంతకం పెట్టు. నీకూ మంచిది, మాకూ మంచిది," అన్నాడు ఇన్‌స్పెక్టర్, కాగితాన్ని కారు బానెట్ మీద పరుస్తూ.

మెకానిక్ పెన్ను అందుకున్నాడు. నాలుగు రోజులుగా నిద్రలేని చెయ్యి, పెన్ను మూత తియ్యడానికే తంటాలు పడుతోంది. కాగితంలో ఏముందో అతను చదవలేదు. చదవక్కర్లేదు. తన చెల్లెలి కారుకి తానే మార్చిన గేర్‌బాక్స్ కొండ మీద పాడైందనీ, అందువల్లే ఆమె చీకట్లో కారు దిగాల్సి వచ్చిందనీ, కాలు జారి లోయలో పడిపోయి ఉంటుందనీ అందులో ఉంది. అదంతా నిజమేనని అతనికి ఎప్పుడో నమ్మకం కుదిరిపోయింది.

"ఆ పెన్ను కింద పెట్టు నాయనా."

ఇన్‌స్పెక్టర్ తల తిప్పకుండానే నిట్టూర్చాడు. ఆ గొంతు అతనికి కొత్త కాదు. పోలీసు స్టేషన్లలో ఆవిడకి అందరూ పెట్టుకున్న పేరు అత్తగారు. ఆవిడకి కొడుకూ లేడు, కోడలూ లేదు. కానీ పోలీసులు ముగించేసిన కేసుల్లో వంకలు పట్టడమే ఆవిడ వృత్తి. తోమిన గిన్నెని మళ్ళీ వేలితో రుద్ది చూసే మనిషి. ప్రైవేటు డిటెక్టివ్ అని గుమ్మానికి బోర్డు ఉన్నా, పేరు మాత్రం అత్తగారనే స్థిరపడిపోయింది. ఆవిడకీ అది తెలుసు. తెలిసీ ఏనాడూ కోప్పడలేదు, పైగా నోరు చేసుకోవాల్సి వచ్చినప్పుడు ఆ పేరునే వాడుకునేది.

"రండి అత్తగారూ," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మీరింకా రాలేదేమా అనుకుంటున్నాను. ఆరింటికి గాలింపు ఆపేస్తున్నాం. రాత్రికి పెద్ద వాన ఉందట. తాళ్ళు కట్టుకుని లోయలోకి దిగుతున్నవాళ్ళని వానలో చంపుకోలేను."

"ఇప్పుడు నాలుగు దాటింది. ఆరింటిదాకా టైముంది కదండీ. ఈలోపు కారు చూడనివ్వండి."

"మూడు రోజులుగా చూస్తూనే ఉన్నాం."

"బయట నుంచి చూశారు. కింద నుంచి చూశారా?"

అత్తగారు చెప్పులు గుమ్మం పక్కన విడిచి, మోకాళ్ళ నొప్పిని లోపలే తిట్టుకుంటూ షెడ్డులోకి నడిచింది. కొండ కింద కార్లని పైకెత్తే లిఫ్ట్ ఉన్న షెడ్డు అదొక్కటే. అందుకే కొండ మీది నుంచి దింపిన తెల్ల కారుని అక్కడ పెట్టించారు. షెడ్డు గోడ వారన బల్ల మీద మెకానిక్ తల్లి కూర్చుని ఉంది. చేతిలో ఫోను. స్విచాఫ్ అని వినిపిస్తుందని తెలిసి కూడా కూతురి నంబరు నొక్కుతూనే ఉంది. అత్తగారిని పిలిపించింది ఆ తల్లే.

"అమ్మా, ఏమన్నా తెలిసిందా?" అంది తల్లి.

"పాల వ్యాను అబ్బాయిని కలిసి, అతని వ్యానులోనే వచ్చాను," అంది అత్తగారు ఆవిడకి చెబుతున్నట్టే, కానీ గొంతు పెంచి ఇన్‌స్పెక్టర్‌కి వినబడేలా. "సోమవారం రాత్రి ఎనిమిదింటికి మీ అమ్మాయి క్యాబ్‌లో ఎవర్నో ఎక్కించుకోవాలని ఇంట్లోంచి బయల్దేరింది. బుధవారం పొద్దున కారు కొండ మీద నాలుగో మలుపులో దొరికింది. తలుపు తెరిచి, తాళం చెవి లోపలే ఉంది, లోయ అంచున ఒక చెప్పు. అంతే కదా ఇన్‌స్పెక్టర్ గారూ?"

"అంతే."

"మరి మంగళవారం సంగతేమిటి? పాల వ్యాను రోజూ తెల్లవారుజామున ఆ మలుపు మీదుగానే వెళ్తుంది. మంగళవారం అక్కడ కారు లేదట."

"చీకట్లో చూసుకోలేదేమో."

"తెల్ల కారండీ. తలుపు తెరిచి రోడ్డు మీదికి ఉంటే, వ్యాను పక్కకి తిప్పకుండా పోలేడు."

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. చెడ్డవాడు కాదు అతను. మూడు రోజులు లోయలో మనుషుల్ని దింపినవాడు, తానూ ఒకసారి తాడు కట్టుకుని దిగినవాడు. కాకపోతే ఒకసారి ఒక ముగింపుకి వచ్చాక దాన్ని వదలడు. కుందేటికి మూడే కాళ్ళంటే మూడే.

"సరే మేడం, మీ మాటే కానిద్దాం. మంగళవారం ఎక్కడో తిరిగింది. మంగళవారం రాత్రి కొండెక్కింది. గేర్‌బాక్స్ పోయింది. దిగింది. పడింది. తేడా ఏముంది?"

అత్తగారు మెకానిక్ వైపు తిరిగింది. "ఆ గేర్‌బాక్స్ కథ మొదట్నుంచీ చెప్పు. నేను గేరు లేని స్కూటర్ తప్ప ఇంకేదీ నడపలేదు. నాకు అర్థమయ్యేలా చెప్పు."

మెకానిక్ చెప్పాడు. చెల్లెలు క్యాబ్ నడుపుదామని సెకండ్‌హ్యాండ్ షోరూంలో ఆ కారు కొంది. ఆటోమేటిక్. నడిపేవాడు గేర్లు మార్చక్కర్లేదు, కారే మార్చుకుంటుంది. కొన్న రెండో నెలకే గేర్‌బాక్స్ జారడం మొదలైంది. ఇంజిను అరుస్తుంది, బండి కదలదు. షోరూం ఆయన తనకి సంబంధం లేదన్నాడు. చెల్లెలు ఊరుకునే రకం కాదు. అదే షోరూంలో మోసపోయినవాళ్ళని పదకొండు మందిని పోగుచేసింది. తిరిగిన కిలోమీటర్లని తగ్గించి చూపించి అమ్మాడని అందరి చేతా ఫిర్యాదు పెట్టించింది. వచ్చే సోమవారమే విచారణ. ముందు నిలబడి మాట్లాడాల్సింది ఆమే.

"ఈలోగా బండి ఆగితే బతుకు ఆగుతుంది కదా మేడం. అందుకని నేనే మార్చేశాను. వెనకనించి లారీ గుద్దిన కారొకటి తుక్కుకి వచ్చింది. ఇదే మోడలు. దాని గేర్‌బాక్స్ మంచిదే. విప్పి, లోపల క్లచ్ ప్లేట్లు, సీళ్ళు అన్నీ కొత్తవి వేసి బిగించాను. పోయిన ఆదివారం కాక ముందాదివారం."

"అంటే సోమవారం రాత్రికి తొమ్మిదో రోజు," అంది అత్తగారు. "ఈ తొమ్మిది రోజుల్లో ఆమె ఏమన్నా అందా?"

"కొత్త పెళ్ళికూతురిలా నడుస్తోందన్నయ్యా అంది."

"మరి పదో రోజుకి పెళ్ళికూతురికి ఏమొచ్చింది? స్టార్ట్ చెయ్యి, చూద్దాం."

కారుని పైకి ఎత్తకముందే అతను లోపల కూర్చుని స్టార్ట్ చేశాడు. ఇంజిను హాయిగా అందుకుంది. బ్రేకు తొక్కి గేరు మీటని డ్రైవ్‌లోకి లాగాడు. ఏమీ జరగలేదు. మనసులో మూడు దాకా లెక్కపెట్టేంత సేపటికి కింద ఎవరో సమ్మెటతో కొట్టినట్టు దబ్బుమంది. బ్రేకు వదిలి యాక్సిలరేటర్ నొక్కితే ఇంజిను గొంతు చించుకుంది తప్ప కారు జానెడు కూడా జరగలేదు. రివర్స్‌లోనూ అంతే. కారులోని లోపాలు చూపించే స్కానర్ తగిలించి చూస్తే తెర మీద గేరు జారుతోందన్న కోడే వచ్చింది.

మెకానిక్ స్టీరింగ్ మీద నుదురు ఆన్చాడు.

"చూశారుగా మేడం. నేను పెట్టిన బాక్సే. నడిరాత్రి కొండ మీద దాన్ని ఒంటరిగా దింపేసింది. నా చేత్తో నేనే..."

బల్ల మీద తల్లి కొడుకు వైపు చూడలేదు. అత్తగారికి అదే ఎక్కువ బాధనిపించింది. కూతురు పోయిన తల్లికి కొడుకు ముఖం కూడా చూడాలనిపించకుండా పోయింది. ఈ కేసు ఇలాగే ముగిస్తే ఆవిడకి ఇద్దరు బిడ్డలూ పోయినట్టే.

"దిగు. పైకెత్తు. నూనె తియ్యి," అంది కటువుగా. జాలిపడి మెత్తగా మాట్లాడితే అతను అక్కడే కుప్పకూలిపోతాడని ఆవిడకి తెలుసు.

లిఫ్ట్ మూలుగుతూ కారుని తలెత్తు దాకా లేపింది. మెకానిక్ కిందికి వెళ్ళి గేర్‌బాక్స్ అడుగున ఉన్న మర విప్పాడు. డబ్బాలోకి నూనె కారింది. నల్లగా ఉంది. అడుగంటిన గిన్నె వాసన గుప్పుమంది.

"నువ్వు పోసింది ఏ రంగు?"

"ఎర్రగా ఉంటుంది మేడం. దానిమ్మ రసంలాగా."

"తొమ్మిది రోజుల్లో ఇలా నల్లబడుతుందా?"

ఆవిడ ఆశ ఆ ప్రశ్నలో దాగలేదు. కానీ మెకానిక్ తల అడ్డంగా ఊపాడు. "క్లచ్ ప్లేట్లు జారి వేడెక్కితే ఒక్క గంటలో అయినా మాడిపోతుంది."

ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకున్నాడు. "మీ సాక్షే మీకు అడ్డం తిరుగుతున్నాడు అత్తగారూ."

"నిజం చెప్పేవాడు ఎవరికో ఒకరికి అడ్డం తిరగాల్సిందే. అడుగు పళ్ళెం కూడా విప్పు నాయనా."

గేర్‌బాక్స్ అడుగున ఉన్న రేకు పళ్ళేన్ని చుట్టూ వరసగా బోల్టులు పట్టి ఉంచుతాయి. మెకానిక్ ఒక్కొక్కటే విప్పి బల్ల మీద పెడుతున్నాడు. అత్తగారు అతని చేతుల్ని చూడటం లేదు, ముఖాన్ని చూస్తోంది. వెనకవైపు మూల బోల్టు దగ్గరికి వచ్చేసరికి ఆ ముఖంలో రక్తం ఇంకిపోయింది. చెయ్యి ఒక్క క్షణం ఆగి, గుప్పిట మూసుకుని, ప్యాంటు జేబులోకి వెళ్ళి వచ్చింది. తర్వాత మళ్ళీ మామూలుగా విప్పడం మొదలుపెట్టాడు.

పళ్ళెం దిగింది. అందులో మిగిలిన మడ్డి నూనె మధ్యలో రూపాయి బిళ్ళంత అయస్కాంతం ఉంది. ఉందని మెకానిక్ చెప్తే తెలిసింది తప్ప కనిపించడం లేదు. దాని మీద బూడిదరంగు పేస్టు వేలి మందాన పేరుకుని ఉంది.

"ఇదేమిటి?"

"లోపల అరిగిన ఇనుము మేడం. నూనెలో తిరక్కుండా అయస్కాంతం పట్టి పెడుతుంది." చెబుతూనే అతను కనుబొమలు ముడిచాడు. పేస్టుని రెండు వేళ్ళ మధ్య నలిపాడు. "ముక్కలు లేవే. మెత్తగా పిండిలా ఉంది. ఒక్కసారిగా విరిగిపోతే తునకలు పడతాయి. ఇది చాలా కాలం, ఏళ్ళ తరబడి, కొంచెం కొంచెం అరిగింది."

"నువ్వు బిగించేటప్పుడు అయస్కాంతం ఎలా ఉంది?"

"తుడిచాను. నా ముఖం కనబడేలా తుడిచాను."

అత్తగారు ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది. ఇన్‌స్పెక్టర్ భుజాలెగరేశాడు.

"తుడిచానని అంటున్నది ఎవరు? ఆ పని చేసినవాడు. పాత బాక్స్ తెచ్చి, తుడవకుండా బిగించి, ఇప్పుడు తుడిచానంటే కోర్టు నమ్ముతుందా? మేడం, నా మాట వినండి. వీడి మీద నాకు పగ లేదు. సంతకం పెడితే ప్రమాదమని రాసి వదిలేస్తాను. పెట్టకపోతే నిర్లక్ష్యం కింద లోపలెయ్యాల్సి వస్తుంది. ఆ పెద్దావిడకి ఉన్న ఒక్కడూ లోపల కూర్చుంటాడు. ఇదేనా మీరు చేసే సాయం?"

మాట అత్తగారికి సూటిగానే తగిలింది. బయట మబ్బు పట్టి షెడ్డులో వెలుగు తగ్గిపోతోంది. పళ్ళెం పట్టుకున్న ఆవిడ చేతులు నల్లగా మాడు వాసన వేస్తున్నాయి. ఇంక ఒక్కటే దారి మిగిలింది. అది తను కాపాడదామని వచ్చినవాడినే నిలదీయడం.

"జేబులో ఏం పెట్టుకున్నావు?"

మెకానిక్ ఉలిక్కిపడ్డాడు. "ఏం లేదు మేడం."

"నేను అత్తగారిని. వంటింట్లో ఏ డబ్బా మూత లేచినా నాకు తెలుస్తుంది. తియ్యి."

అతను తియ్యలేదు. ఇన్‌స్పెక్టర్ రెండడుగులు ముందుకి వేశాడు. అప్పుడు బల్ల మీద నుంచి తల్లి లేచి వచ్చింది. నాలుగు రోజుల్లో మొదటిసారి కొడుకు ముఖంలోకి చూసింది.

"తియ్యరా. మీ చెల్లెలి మీద ఒట్టు."

గుప్పిట తెరుచుకుంది. అరచేతిలో బోల్టు తల ఒకటే ఉంది. కింద ఉండాల్సిన మర భాగం లేదు. తల అడుగున ఎండిపోయిన తెల్ల బంక అంటుకుని ఉంది.

"విరిగిన బోల్టు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"విరిగిందాన్ని అతికించారు సార్," అన్నాడు మెకానిక్ నేల చూపులు చూస్తూ. "విప్పేటప్పుడు బోల్టు తెగి, మర లోపలే ఉండిపోతే దాన్ని తొలిచి తియ్యడానికి ఒక పూట పడుతుంది. పని తొందరగా ఉంటే కొంతమంది తలని అలాగే బంకతో అతికించేస్తారు. పక్క బోల్టులు గట్టిగా ఉంటే నూనె కారదు. చూసేవాళ్ళకీ తెలీదు. మహా పాపపు పని."

"కొంతమంది అంటే?"

"నేను," అన్నాడతను. "ఒకే ఒక్కసారి. ఆ వేళ మామూలు బంక అయిపోయింది. కిటికీ అద్దాలకి పూసే తెల్ల బంక ఉంటే అది పూశాను. గేర్‌బాక్స్‌కి ఆ బంక ఎవడూ పుయ్యడు మేడం, పూస్తే వాడిని షెడ్డులోంచి తరిమేస్తారు. ఇది నేను చేసిన పనే. వెనక మూల, ఇదే బోల్టు. నా చెయ్యి నాకు తెలీదా?"

"అంటే చెల్లెలి కారుకి..."

"దాని కారుకా!" మెకానిక్ అరిచినంత పనిచేశాడు. "అది రాత్రీ పగలూ తిరిగే బండి. దానికి నేను ఇలాంటి పని చేస్తానా? అందుకే జేబులో వేసుకున్నాను. నాకేమీ అర్థం కాలేదు. నేను అతికించిన బోల్టు చెల్లెలి కారు కింద ఎందుకుంది?"

అత్తగారు ఆ బోల్టు తలని రెండు వేళ్ళతో తీసుకుని వెలుతురులో తిప్పి చూసింది. ఇలాంటప్పుడు ఆవిడకి తొందర పనికిరాదు. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే ఉంది, దాన్ని నింపాదిగా అడిగింది.

"మరి ఎవరి కారుకి అతికించావు?"

"షోరూం ఆయన సొంత కారుకి. ఏదో కంపెనీ తీసేస్తుంటే ఒకే రకం తెల్ల కార్లు రెండు కొన్నాడు. ఒకటి చెల్లెలికి అమ్మాడు. రెండోది తనే వాడుకుంటున్నాడు. దాని గేర్‌బాక్స్ జారుతోందని నాలుగు నెలల కిందట నన్ను పిలిచాడు. ఆయన నెత్తి మీద నిలబడి తొందరపెడుతుంటే ఈ బోల్టు తెగింది. లోపల చూశాను. పూర్తిగా పోయింది, మొత్తం మార్చాల్సిందే అన్నాను. అంత పెట్టలేనన్నాడు. మళ్ళీ బిగించి ఇచ్చేశాను."

"ఎలా నడిచేది అప్పుడు?"

"ఎక్కడండీ. స్పీడ్ బ్రేకర్ ఎక్కడానికే ఏడ్చేది. చెట్టంత ఎత్తు కూడా ఎక్కదు."

"ఆగవయ్యా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. అతని గొంతు మారింది. "ఏ కారు? ఆయన రోజూ తిరిగేదా?"

"అదే సార్."

"ఇవాళ పొద్దున నన్ను కొండెక్కించింది ఆ కారే."

అత్తగారు అతని వైపు తిరిగింది. "ఎలా ఎక్కింది?"

ఇన్‌స్పెక్టర్ జవాబు చెప్పడానికి ఇష్టపడలేదు. చెప్పక తప్పలేదు. "గ్లాసులో నీళ్ళు ఒలక్కుండా ఎక్కింది. మూడు రోజులుగా అందులోనే తిరుగుతున్నాను. స్టేషన్ జీపు లోయ దగ్గర ఉంటే, పాపం, ఆయనే తన కారులో..." వాక్యం పూర్తి చేయలేకపోయాడు.

"గేర్‌బాక్స్ మార్చడానికి ఎంతసేపు పడుతుంది నాయనా?"

"లిఫ్టూ మనుషులూ ఉంటే ఒక పగలు. రెండు కార్లూ పక్కపక్కన పెట్టి దానిది దీనికీ దీనిది దానికీ అంటే కొంచెం పొద్దుపోతుంది. ఊళ్ళో ఆయన వర్క్‌షాపులో రెండు లిఫ్టులున్నాయి."

"మంగళవారం," అంది అత్తగారు.

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "కానీ ఎందుకండీ? కారు కొండ మీద ఆగిపోయినట్టు చూపించాలంటే వంద దార్లున్నాయి. ఒక టైరు కోసినా చాలు."

"చాలు. మీరైతే టైరే కోస్తారు, నేనూ అంతే. కానీ ఆయన పాత కార్ల వ్యాపారి. గేర్‌బాక్స్ పాడైందని ఆమె ఊరంతా చెప్పుకుంది, కాబట్టి గేర్‌బాక్సే పోవాలి, అప్పుడే అందరూ నమ్ముతారు. తీరా చూస్తే కారు బ్రహ్మాండంగా నడుస్తోంది. అన్న మార్చాడని ఆయనకి తెలీదు. అంత మంచి గేర్‌బాక్స్‌ని కొండ మీద వదిలెయ్యడానికి ఆయనకి ప్రాణం ఒప్పలేదు. తన చచ్చిన బాక్స్ దీనికి పెట్టి, దీని మంచి బాక్స్ తను పెట్టుకున్నాడు. చావింట్లో కూడా బేరమాడే బుద్ధి. తర్వాత దీన్ని లారీ మీద ఎక్కించుకెళ్ళి మలుపులో దింపాడు."

తల్లి అత్తగారి చెయ్యి పట్టుకుంది. "ఈ బోల్టులూ బాక్సులూ నాకొద్దమ్మా. నా కూతురు బతికుందా, లేదా? అది చెప్పు."

అత్తగారు అబద్ధం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

"కారు పెట్టాడు, చెప్పు పెట్టాడు, మనిషిని మాత్రం పెట్టలేదు. లోయలో శవం దొరికితే కేసు ఆ రోజే ముగిసేది. దొరకలేదంటే, ఇంకా శవం కాలేదన్నమాట. కారు పెట్టిన రాత్రే ఆమెని లోయలో ఎందుకు పడెయ్యలేకపోయాడో నాకు తెలీదు. తెల్లారేసరికి లోయ నిండా జనం దిగారు." ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది. "వెదికేవాళ్ళకి భోజనాలు పెడుతున్నది ఆయనేగా? గాలింపు ఎప్పుడు ఆపుతారని అడిగాడా?"

"రోజుకి మూడుసార్లు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ పాలిపోయి. "ఆపేస్తే ఇక ఆ లోయలోకి ఎవరూ దిగరు కదా అని నిన్న అన్నాడు. జాలితో అంటున్నాడనుకున్నాను." చటుక్కున లేచాడు. "వాడిని ఇప్పుడే పట్టుకుంటాను. ఐదున్నరకి నన్ను ఎక్కించుకోడానికి ఇక్కడికే వస్తున్నాడు."

"పట్టుకుంటే లాయరు కావాలంటాడు. బోల్టు మీద బంక చూపించి నోరు విప్పిస్తారా? ఆమె ఎక్కడుందో తెలిసింది వాడొక్కడికే. వాడు నోరు మూసుకుని రెండు రోజులు కూర్చుంటే చాలు, ఆమె ఆకలికే పోతుంది. ముందు గాలింపు ఆపొద్దని చెప్పండి. రాత్రంతా దీపాలు పెట్టి వెదుకుతున్నట్టు కనిపించాలి. లోయలో జనం ఉన్నంతసేపూ ఆమెని అక్కడికి తీసుకురాలేడు. తర్వాత జీపు పిలిపించండి, వాడు ఎటు వెళ్తే అటు వెనకే పోవాలి."

"జీపు కొండ దిగడానికి నలభై నిమిషాలు. ఇక్కడ బండేదీ లేదు." అతను పైకెత్తి ఉన్న కారు వైపు చూసి మళ్ళీ తల తిప్పుకున్నాడు. "నేను ఆయన కారులో దిగాను."

ఇన్‌స్పెక్టర్ ఫోను చెవిలో పెట్టుకుని షెడ్డు వెనక్కి నడిచాడో లేదో, ముందు గేటు దగ్గర హారన్ మోగింది. చెప్పిన టైము కన్నా ముందే వచ్చేశాడు. తెల్ల కారు గులకరాళ్ళ మీద మెత్తగా దొర్లుతూ వచ్చి ఆగింది. మెకానిక్ కళ్ళు మూసుకుని ఆ చప్పుడు విన్నాడు. అతని చెయ్యి పక్కనున్న పెద్ద పానా మీదికి పోయింది. అత్తగారు ఆ చేతి మీద తన చెయ్యి వేసి నొక్కింది.

"నువ్వు వాడిని కొడితే చెల్లెల్ని నువ్వు చంపినట్టే. అటు తిరిగి నూనె తుడువు."

అతను అటు తిరిగాడు.

షోరూం ఆయన అద్దం దించి నవ్వాడు. నలభై ఐదేళ్ళుంటాయి. ఎవరింట్లో కష్టం వచ్చినా ముందుగా వచ్చి కుర్చీలు వేసే మనిషిలా ఉంటాడు. "నమస్కారం మేడం గారూ. ఇన్‌స్పెక్టర్ గారేరీ? సంతకం అయిందా?"

"అయిందండీ," అంది అత్తగారు గుమ్మం దగ్గరికి వచ్చి చెప్పులు వేసుకుంటూ. "ఆయన ఫోన్లో ఉన్నారు, ఆలస్యమవుతుందట. నేను కొండ మీదికి వెళ్ళాలి. ఆఖరిసారి ఆ చోటు చూసి ఈ కేసు వదిలేస్తాను. నన్ను దింపుతారా?"

ఎక్కించుకోడనే అనుకుంది. గుమ్మం దగ్గరే మాటల్లో పెట్టి జీపు వచ్చేదాకా ఆపితే చాలనుకుంది. ఆయన ఒక్క క్షణం ఆవిడ భుజం మీదుగా షెడ్డులోకి చూశాడు. ఎత్తి ఉన్న కారు, బల్ల మీద బోల్టులు, నల్ల నూనె డబ్బా. తర్వాత చెయ్యి చాచి పక్క తలుపు తెరిచాడు.

"రండి. దానిదేముంది."

ఆవిడకి భయం వేసింది. ముప్పై ఏళ్ళ వృత్తిలో ఇంత భయం ఎప్పుడూ వెయ్యలేదు. వెనక్కి తిరిగి చూస్తే ఆ తల్లి బల్ల మీద కూర్చుని మళ్ళీ ఫోను నొక్కుతోంది. అత్తగారు కారెక్కింది.

గేటు దాటి కూడలి దాకా ఆయన వాన గురించి మాట్లాడాడు. కూడలిలో కొండ రోడ్డు కుడివైపుకి పోతుంది. ఆయన ఎడమకి తిప్పాడు.

"కొండ అటు కదండీ."

"తెలుసండీ. అటు జనం ఎక్కువ." తలుపుల తాళాలు నాలుగూ ఒకేసారి పడ్డాయి. "పళ్ళెం దాకా దింపారంటే మీరు మామూలు వాళ్ళు కాదు. ఆ ఫోను ఇలా ఇవ్వండి."

ఆవిడ ఇచ్చింది. ఆయన దాన్ని కిటికీలోంచి విసిరేసి అద్దం ఎక్కించుకున్నాడు. నవ్వు మాత్రం పోలేదు.

"ఒక్క మాట చెప్పండి," అంది అత్తగారు. "బతికే ఉందా?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. ఎంతో మర్యాదగా, అడిగిన కారుకి ధర చెప్పేవాడిలా జవాబిచ్చాడు.

"నిన్నటిదాకా తలుపు బాదుతూనే ఉందండీ. ఇవాళ పొద్దుట్నుంచి బాదట్లేదు."

ముందు రోడ్డు ఖాళీగా ఉంది. ఆయన యాక్సిలరేటర్ నొక్కాడు. కారు చిన్న కుదుపు కూడా లేకుండా పై గేరులోకి మారింది.